చిన్న కుర్చీల గది

జూన్ 3

అమ్మాయికి,

పైన ఏం పెట్టి మొదలుపెట్టాలో తెలియలేదు. ఇదివరకు నీకు రాస్తే సౌభాగ్యవతి అని రాసేదాన్ని. ఇప్పుడు ఆ మాట రాయడానికి చేయి రాలేదు, తీసేయడానికీ రాలేదు. అందుకని ఊరికే అమ్మాయికి అని రాశాను. ఏమీ అనుకోకు.

నువ్వూ చిన్నదీ బాగున్నారని తలుస్తాను. దానికి కొత్త బడి పడిందా? ఊడిన ముందు పళ్లు వచ్చాయా, ఇంకా ముసలమ్మలాగే నవ్వుతోందా?

ఫోను కొనుక్కోమని రాశావు. నా ఫోను మావాడు తాగుడికి అమ్మేశాక మళ్లీ కొనలేదు. కొన్నా ఏం లాభం, ఫోనులో మనిద్దరికీ పొసగదు. నువ్వు ఒకటి అనబోతావు, అనే లోపే నేను రెండంటాను, ఆ తర్వాత ఇద్దరం ఏడుస్తాం. ఉత్తరమైతే నీ మాట పూర్తయ్యేదాకా నేను నోరు మూసుకోక తప్పదు.

లాండ్రీలో పని మామూలే. నాకు చొక్కాలే ఇస్తారు. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, ఆఖరుకి వీపు. మొన్న ఎవరిదో నీలం గళ్ల చొక్కా వచ్చింది, అచ్చం వాడిదే అనుకో. దాన్ని పక్కకి పెట్టి మిగతావన్నీ చేశాను. చివరికి అదొక్కటే మిగిలింది. ఓనరు చూసి, "ఏమ్మా, దానికి ముహూర్తం ఏమైనా పెట్టించావా" అన్నాడు. దాన్నీ చేశాను.

నువ్వు పంపిన అడ్రసు కాగితం అందింది. తాగేవాళ్ల ఇళ్లవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటన్నావు. నేను పోను. వాడు ఉన్నప్పుడు పోయుంటే ఏమో. ఇప్పుడు వాడు పోయి నాలుగు నెలలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోమంటావా? పైగా కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది.

ఇంట్లో కూర్చోలేకపోతున్నాను అమ్మాయ్. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. వాడు సోఫాల షాపు నుంచి వచ్చే వేళకి తలుపు తీసుకుని నిలబడతాను. ఈ ఉత్తరం రాస్తూ కూడా ఎన్నిసార్లు లేచానో. అక్షరాలు వంకరపోతే అందుకే, చదువు రాక కాదు. అంటే, చదువు రాకపోవడమూ ఉందిలే.

ఎవరో మెట్లెక్కుతున్నారు. చూసి వస్తాను.

మీ అత్త

జూన్ 11

అత్తయ్యకి నమస్కారాలు.

మీరు చూసి వచ్చి మళ్లీ రాస్తారేమోనని కాగితం వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు. ఎవరూ రాలేదు కదూ.

చిన్నదానికి మీ ఉత్తరం చదివి వినిపించాను. ముహూర్తం దగ్గర నవ్వింది. ఒక పన్ను సగం వచ్చింది, రెండోది ఇంకా ఆలోచిస్తోంది.

నా పని సంగతి అడగలేదు కానీ చెబుతాను. ఇక్కడ గాజు సీసాలు చేస్తారు, దగ్గు మందు పోసేవి. వెనక లైటు వెలిగే తెల్ల అద్దం ముందు నన్ను కూర్చోబెడతారు. సీసాలు బెల్టు మీద వరుసగా పోతుంటాయి. పగులున్నా, లోపల బుడగ ఉన్నా ఏరి పారేయాలి. సీసాలతో విసిగిపోయి ఇంత దూరం వచ్చి, మళ్లీ సీసాల ముందే కూర్చున్నాను చూడండి. మొదట్లో కళ్లు మూసుకున్నా అవే పోయేవి. ఇప్పుడు అలవాటైంది.

ఇక్కడ నేను ఆ మీటింగుకి పోతున్నాను. మొదటి రోజే చెప్పేశాను, మా ఆయన చనిపోయాడు, అయినా నా చెవులు ఇంకా మెట్ల మీదే ఉన్నాయని. ఒక పెద్దావిడ అంది, "మనిషి పోతాడమ్మా, కాపలా పోదు" అని. మీరు తలుపు తీసుకుని నిలబడడమూ అదే అత్తయ్యా. ఆకులు పట్టుకోమని నేను అనలేదు. కాలిన చేతులు కాలిన చేతులవాళ్లకి చూపించమన్నాను.

ఒక్కసారి వెళ్లండి. నచ్చకపోతే నన్ను తిట్టండి, నాకు కొత్తేమీ కాదు.

బస్సు రాని రోజు మా సూపర్‌వైజరు తన స్కూటరు మీద ఇంటి దగ్గర దింపుతున్నాడు. ఆలస్యమవుతోందని కంగారు పడకండి.

మీ కోడలు

జూన్ 21

అమ్మాయికి,

వెళ్లాను. నీ పోరు పడలేక వెళ్లాననుకో.

అది పసిపిల్లల బడి. శనివారం సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఆ గది వీళ్లకిస్తారు. కుర్చీలన్నీ పిల్లలవి, పిడికెడంత. పెద్ద పెద్దవాళ్లు వాటి మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. గడియారాలు బాగుచేసే ఆయన భారీ మనిషి, ఆయన లేస్తే కుర్చీ కూడా లేచింది. నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్లయిందో నవ్వి.

అక్కడ ఊరూ పేరూ అడగరు. ఆ గదికి పెద్దలాంటిది ఒక నర్సమ్మ. పిల్లలు ఆడుకునే చెక్క బాతు ఒకటుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మిగతావాళ్లు వినాలి, అంతే. ప్రశ్నలు వేయకూడదు. సలహా ఇవ్వకూడదు. ఎవరి ఇంటి సంగతి వాళ్లే చెప్పుకోవాలి. బయట కనపడితే పలకరించుకోకూడదు.

బాతు నా చేతికొచ్చింది. నర్సమ్మ "ఇంట్లో ఎవరమ్మా" అంది. కొత్తవాళ్లని అదొక్కటే అడుగుతారట. "మా అబ్బాయి" అన్నాను. తర్వాత ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే, వాడు లేడని. అందరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. నా నోటికి వచ్చేసింది: "నిన్న కూడా ఆలస్యంగా వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా పడుకున్నాడు. పొద్దున లేచి, ఏమీ ఎరగనట్టు జుట్టు దువ్వుకుని పనికి పోయాడు."

అబద్ధం కాదు అమ్మాయ్. అన్నీ జరిగినవే. రోజే వేరు.

గడియారాలాయన తలూపాడు, వాళ్లింట్లోనూ అంతే అన్నట్టు. ఆ గదిలో మావాడు అందరి పిల్లల్లాగే బతికి ఉన్నాడు. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. తలుపు దగ్గర నిలబడలేదు.

వచ్చే శనివారం చెప్పేస్తాలే.

అన్నట్టు, ఆ స్కూటరాయన ఎవరు? ఎంత వయసుంటుంది? ఊరికే అడిగాను.

ఇస్త్రీ పెట్టె వేడెక్కింది, ఉంటాను.

అత్త

జూన్ 30

అత్తయ్యకి,

మీ ఉత్తరం పనికి వెళ్లే ముందు చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఆ పూట పగిలిన సీసాలు ఎన్నో వదిలేశానని చీవాట్లు తిన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించమన్నారు పెద్దలు. ఇక్కడ దుత్తలు లేవు, అన్నీ సీసాలే, పగలగొడితే జీతం కోస్తారు. అందుకని మీ మీదే చూపిస్తున్నాను.

మీరు తిన్నారు, పడుకున్నారు, నాకు సంతోషమే. కానీ ఒకటి అడుగుతాను. మీరు చెప్పే దాంట్లో ఆయన బతికే ఉన్నాడు, సరే. నేనెక్కడున్నాను? తాగి వచ్చిన మనిషికి చెప్పులైనా విప్పకుండా నేనేం చేస్తున్నాను? ఇంట్లో ఉన్నానా, వదిలేసి పోయానా? ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నా గురించి ఏమనుకుంటున్నారు?

ఆయన చెప్పులు విప్పింది ఎప్పుడూ నేనే అత్తయ్యా. మీకు తెలుసు.

వచ్చే వారం నిజం చెప్పేయండి. ఎంత ఆలస్యం చేస్తే అంత కష్టం.

చిన్నదానికి జ్వరం తగ్గింది. స్కూటరాయన వయసు నేను అడగలేదు, అడిగే పనీ లేదు.

కోడలు

జూలై 8

అమ్మాయికి,

జ్వరం వచ్చినట్టు రాయకుండా తగ్గినట్టు రాశావు. ఎప్పుడొచ్చింది? ఎంతొచ్చింది? పిల్లకి ఒంట్లో బాగాలేకపోతే నానమ్మకి చెప్పకూడదని అక్కడ రూలా?

నీ మీద ఒక్క చెడ్డ మాట అనలేదు. నా కళ్లు పోతాయి. కోడలు దూరంగా పనిచేస్తోంది, నెలాఖరుకి వస్తుంది, దానిలాంటి మనిషి లేదు అని చెప్పాను. అందులో అబద్ధం ఏముంది, ఆ నెలాఖరుకి వస్తావన్నది తప్ప.

నిజం చెబుదామనే ప్రతిసారీ పోతున్నాను. మొన్న బాతు చేతికి వచ్చేసరికి ఆ మాట నోట్లోనే ఆగింది. మింగలేను, కక్కలేను. రాయడం వేరు అమ్మాయ్, నోటితో అనడం వేరు. ఇంతవరకు ఆ మాట నా నోటితో అనలేదు. అందరూ నాకు చెప్పారు, నేను ఎవరికీ చెప్పలేదు. చివరికి "ఈ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి పోయాడు" అన్నాను.

అక్కడ నాకొక మనిషి దొరికింది. బేకరీ ఆవిడ. మీటింగయ్యాక ఇద్దరం టీ గ్లాసులు కడుగుతాం. ఆమె చేతులకి ఎంత కడిగినా పిండి ఉంటుంది. ఆమె కొడుకు బేకరీ వాను నడుపుతాడు, ఇరవై ఆరేళ్లు, మావాడిలాగే అమ్మని నవ్వించి జేబు ఖాళీ చేసే రకం. నన్ను అక్కా అంటుంది. మొన్న గ్లాసులు తుడుస్తూ మెల్లగా అడిగింది, "అక్కా, మీవాడికి ఎప్పుడైనా కళ్లు పచ్చబడ్డాయా? మావాడికి నాలుగైదు రోజులుగా పసుపు రాసినట్టున్నాయి" అని. "పడ్డాయి, తర్వాత తగ్గిపోయాయి" అన్నాను. ఎంత ఊరట పడిందో పాపం. "ఇంకేం, నేనే ఊరికే హడలిపోతున్నాను" అంది. సలహా ఇవ్వకూడదు కదా, నేను ఇవ్వలేదు. మన సంగతి మాత్రమే చెప్పాను.

నావల్ల ఒకరికి కాస్త నెమ్మది కలిగింది. అది రాయాలనిపించింది.

స్కూటరాయన వయసు అడిగే పని లేదన్నావు. లేకపోతే మంచిదే. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నేనేమీ అనడం లేదు.

అత్త

జూలై 13

అత్తయ్యా,

ఇది అందిన వెంటనే, ఇస్త్రీ పెట్టె ఆపేసి, బేకరీకి వెళ్లండి. శనివారం దాకా ఆగకండి.

మీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. చదివి వెంటనే లాండ్రీకి ఫోను చేశాను. మీ ఓనరు, "ఆమె చొక్కాల్లో ఉంది, రానంటోంది" అన్నాడు. మళ్లీ చేశాను. "కోడలితో మాట్లాడేది ఏమీ లేదని చెప్పమంది" అన్నాడు. ఆయనతో చెప్పించే సంగతి కాదు కాబట్టి పెట్టేశాను. ఏమైంది మీకు?

కళ్లు పచ్చబడడం గుర్తు తెచ్చుకోండి. మొదట కళ్లు. తర్వాత పాదాలు వాచాయి. తర్వాత పొట్ట. మొత్తం మూడు వారాలు. మధ్యలో తగ్గిన మాట నిజమే, నాలుగు రోజులు. ఆ తగ్గినప్పుడే మనం ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసి, డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశాం. మీరు ఆమెకి ఆ నాలుగు రోజులే చెప్పారు.

ఆవిడ మీ కొడుకు సంగతి విని తన కొడుకుని ఇంట్లో పెట్టుకుంది. మీ కొడుకు పనికి పోతున్నాడు కాబట్టి తన కొడుకూ పోతాడనుకుంటోంది. ఆయన పోయాడని ఆవిడకి తెలియాలి. నా గురించి ఏమైనా చెప్పుకోండి, వదిలేసి పోయిందని చెప్పుకోండి, నాకు పట్టింపు లేదు. ఇది మాత్రం చెప్పండి.

కోడలు

జూలై 14

అమ్మాయికి,

నిన్న నువ్వు రెండుసార్లు ఫోను చేశావు. నేను రాలేదు. ఎందుకు చేశావో నాకు తెలుసు. నీకు ఉత్తరంలో రాసే ధైర్యం లేక ఫోను చేశావు. నేను కూడా ఆడదాన్నే. నీకు ముప్పై కూడా నిండలేదు. స్కూటరు మీద వెనకాల ఎన్నాళ్లు కూర్చుంటావు, పక్కన కూర్చునే రోజు ఎప్పుడో వస్తుంది. చేసుకో. నేను అడ్డం రాను. వచ్చినా నువ్వు ఆగవు, అది వేరే సంగతి.

కానీ ఫోనులో చెప్పకు. ఓనరు ముందు, కస్టమర్ల ముందు, ఆవిరి పొగలో నిలబడి వినలేను. ఒక్క మాట మాత్రం అడుగుతాను, చిన్నది నన్ను నానమ్మా అనే పిలవాలి. ఆ వచ్చే ఆయన వాళ్లమ్మని ఇంకేదైనా పిలుచుకోనీ.

కోపంగా రాయడం లేదు. పెన్ను గట్టిగా నొక్కడం వల్ల అలా కనపడుతుంది.

మొన్న శనివారం బేకరీ ఆవిడ ఆలస్యంగా వచ్చింది. కొడుకు ట్రేలు ఎత్తలేకపోతున్నాడట, ఆమే ఎత్తి వానులో పెడుతోంది. వాడి పాదాలకి చెప్పులు పట్టడం లేదంది. "మీవాడికీ అంతేనా అక్కా" అంది. నేను ఊఁ అన్నాను. అన్న దగ్గర్నుంచి ఎక్కడా కాలు నిలవడం లేదు. రాత్రంతా గదిలో తిరిగాను. ఏదో గుర్తుకొస్తోంది, రానివ్వడం లేదు. నీ ఫోను రాకపోయి ఉంటే ఈపాటికి నెమ్మదించేదాన్నేమో.

అత్త

జూలై 18

అమ్మాయికి,

నీ ఉత్తరం నిన్న అందింది. మొదటి వాక్యం చదివి స్విచ్చి ఆపేశాను. మిగతాది బేకరీకి నడుస్తూ చదివాను.

బయట పలకరించకూడదని రూలు కదా. ఆమె నన్ను చూసి ఎరగనట్టే, "ఏం కావాలమ్మా, బ్రెడ్డా" అంది. ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. వెనకాల పొయ్యి నుంచి వేడి కొడుతోంది. ఆమె పట్టకారుతో బన్నులు సంచిలో వేస్తోంది.

"బ్రెడ్డు వద్దు. నీ కొడుకుని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లు" అన్నాను.

ఆమె నా వైపు వంగి, "అక్కా, ఇక్కడ వద్దు, శనివారం మాట్లాడుకుందాం" అంది.

"నా కొడుకు లేడు" అన్నాను.

"రాత్రి రాలేదా? వస్తాడులే అక్కా, ఎక్కడికి పోతాడు, ఏ స్నేహితుడింట్లోనో పడుకుని ఉంటాడు" అని నన్నే ఓదార్చింది. చేయి కౌంటరు మీద నుంచి చాచి నా భుజం తట్టింది. ఆ పిండి నా చీర మీద అంటింది.

అప్పుడు అన్నాను. "రాడు. చచ్చిపోయాడు. ఫిబ్రవరిలో."

ఆమెకి అర్థం కాలేదు. "మొన్న చొక్కా వేసుకుని పనికి పోయాడన్నావు."

"అన్నాను."

"కళ్లు తగ్గాయన్నావు."

"నాలుగు రోజులు తగ్గాయి. తర్వాత పాదాలు, తర్వాత పొట్ట. ఆ తర్వాత లేడు."

పట్టకారు అలాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది. ముందు నిలబడ్డవాళ్లు కదలలేదు. నన్ను తిడుతుందనుకున్నాను, ఆ పట్టకారుతో కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "బయటికి నడువు" అంది, గొంతు పెంచకుండా. నన్ను ఒక్కదాన్నే అనుకున్నాను. అందరినీ అంది. అందరం బయటికి వచ్చాక షట్టరు సగం దించి, దాని కింద నుంచి వంగి బయటికొచ్చి, తాళం వేయకుండానే పరుగెత్తింది. నేను అక్కడే నిలబడి ఆ షట్టరు పూర్తిగా దించాను. తర్వాత లాండ్రీకి వచ్చేశాను.

అంతే, ఆ తర్వాత ఏమీ తెలియదు. బేకరీ మూసే ఉంది. నిన్న సాయంత్రం, ఈ పొద్దునా ఆ వీధిలోంచే పోయి చూశాను. ఎవరిని అడగను? ఏమని అడగను?

నీ ఫోను సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది. నేను రాసిన జూలై పద్నాలుగు ఉత్తరం నీకు అందితే చదవకుండా చింపేయి. అందేసిందా?

అత్త

జూలై 23

అత్తయ్యకి,

అందేసింది. చింపలేదు. దాచి పెట్టాను, ముసలితనంలో మీకు చదివి వినిపిస్తాను.

మా సూపర్‌వైజరుకి అరవై దాటాయి. వాళ్లావిడ కూడా మా ఫ్యాక్టరీలోనే. స్కూటరు మీద ముందు చిన్నది నిలబడుతుంది, ఆయన నడుపుతాడు, వెనక వాళ్లావిడ, ఆవిడ వెనక నేను, సగం గాలిలో. ఇంతమంది ఉండగా పెళ్లి ఎక్కడ కుదురుతుంది? మీ మాట ఆవిడకి చెప్పాను. ఇంటికి వెళ్లేదాకా నవ్వి నన్ను కింద పడేసింది.

ఏ రోజైనా నిజంగా అలాంటిదుంటే ముందు మీకే రాస్తాను. చిన్నదానికి నానమ్మ మీరొక్కరే.

మిగతాది రాయడానికి నవ్వు రావడం లేదు. ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు? నాకు ముఖం కూడా తెలియదు, కానీ బెల్టు మీద సీసాలు పోతుంటే వాడి పాదాల గురించే ఆలోచిస్తున్నాను. మీరు చెప్పడం ఆలస్యమైందా, కాలేదా అని లెక్కలు వేస్తున్నాను. ఆ లెక్క మన చేతిలో లేదని ఆదివారం వీళ్లు చెప్పారు. చెప్పినంత మాత్రాన ఆగుతుందా?

మీకు కోపం తెప్పించే మాట ఒకటి. శనివారం ఆ గదికి వెళ్లండి. ఆమె వచ్చినా, రాకపోయినా. అక్కడున్న మిగతావాళ్లు కూడా మీవాడు పనికి పోతున్నాడనే అనుకుంటున్నారు.

కోడలు

ఆగస్టు 2

అమ్మాయికి,

శనివారం వెళ్లాను. బాతు నా దాకా రాకముందే లేచి తీసుకున్నాను. చెప్పాను. ఎక్కువ చెప్పలేదు, రెండు ముక్కలు. గడియారాలాయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకూడదు కదా. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని మొదటిసారి ఆ రూలు మీద కోపం వచ్చింది. నర్సమ్మ మాత్రం వెళ్లేటప్పుడు, "వచ్చే వారం కూడా రావాలి" అంది. రావచ్చా అని నేను అడగకముందే.

బేకరీ ఆవిడ రాలేదు.

మొన్న గురువారం ఆమే లాండ్రీకి వచ్చింది. వెంట్రుకలు చెదిరి ఉన్నాయి, చేతులకి పిండి లేదు. చూస్తూనే ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టేశాను. ఆమె ఓనరుతో "ఈమెని ఒక గంట తీసుకుపోతాను" అంది, నాతో ఒక్క మాట మాట్లాడకుండా. దారిలో చెప్పింది. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చిందట. పొట్టలోంచి నీరు తీస్తున్నారు. డాక్టరు కొన్ని వారాలు ఉండాలన్నాడు, బతుకుతాడనీ అనలేదు, బతకడనీ అనలేదు. రెండు రోజులుగా వాపు కాస్త తగ్గింది. తగ్గేసరికి వాడు ఇంటికి పోతానంటున్నాడు. పొద్దున్నే చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. డాక్టరు చెబితే వినడు, ఈమె చెబితే వినడు.

"నీ మీద కోపం పోలేదు. అది తర్వాత చూసుకుందాం. ఇప్పుడు నువ్వు రా" అంది.

వార్డు చివర మంచం. కిటికీ పక్కన. మనవాడు ఉన్న వార్డు లాగే గోడకి సగం దాకా ఆకుపచ్చ రంగు. వాడు చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, చెప్పుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వాడు. అమ్మని నవ్వించి జేబు ఖాళీ చేసే నవ్వే అది.

"ఇస్త్రీ ఆంటీ కదా. అమ్మ ఎప్పుడూ మీ గురించే. నేను కూడా అమ్మతో అంటుంటాను, ఆ ఆంటీ కొడుకుని చూడు, నాకంటే ఎక్కువ తాగుతాడు, ఆసుపత్రి గడప తొక్కకుండా హాయిగా పనికి పోతున్నాడు, నువ్వే నన్ను రోగిష్టివాణ్ణి చేస్తున్నావు అని. చెప్పండి ఆంటీ, మీవాడు ఎలా ఉన్నాడు ఇప్పుడు?"

నా మాటలు ఎక్కడిదాకా పోయాయో చూడు అమ్మాయ్. ఆమె నెమ్మదిపడడం కోసం చెప్పానని నేను అనుకున్నాను. వాడు తాగడానికి కూడా అదే పనికొచ్చింది.

వాళ్లమ్మ వైపు చూశాను. కొడుక్కి ఆమె ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నన్ను తెచ్చింది అందుకే.

"చనిపోయాడు" అన్నాను.

వాడి నవ్వు వెంటనే పోలేదు, కాసేపు అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు?" అన్నాడు.

"నువ్వు నా గురించి వినడానికి ముందే."

వాడు వాళ్లమ్మతో, "నన్ను భయపెట్టడానికి తీసుకొచ్చావా?" అన్నాడు.

"మరి ఇంకేం చేయమంటావు? నాకు చేతనైనవన్నీ అయిపోయాయి" అంది ఆమె.

కూర్చోమనకపోయినా స్టూలు మీద కూర్చున్నాను. అన్నీ చెప్పాను. కళ్లు, పాదాలు, పొట్ట. నీకు తెలిసినవే. తగ్గిన ఆ నాలుగు రోజుల గురించి కూడా చెప్పాను. మావాడూ ఇలాగే జుట్టు దువ్వుకుని మంచం మీద కూర్చోవడం, నువ్వు ఆటో పిలవడం, నేను సంచులు మోయడం, దారిలో ముగ్గురం నవ్వుకోవడం. ఆ రోజు మనం ఎంత సంతోషపడ్డామో చెప్పాను. మావాడి మీద కోపంగా చెప్పలేదు, మన మీద కూడా కోపంగా చెప్పలేదు. ఎలా జరిగిందో అలా చెప్పాను. చెబుతుంటే ఏడుపు రాలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

"నొప్పి పుట్టిందా ఆయనకి?" అని అడిగాడు.

"పుట్టింది" అన్నాను.

పక్క మంచం ముసలాయనకి ఎవరో బత్తాయి ఒలిచి పెడుతున్నారు, ఆ వాసన వచ్చింది. నర్సు వచ్చి, చొక్కాలో ఉన్నవాణ్ణి చూసి పోయింది. నాకు లాండ్రీకి ఆలస్యమవుతోందని తెలుసు, లేవబుద్ధి కాలేదు. లేవబుద్ధి కాకుండా ఒకచోట కూర్చోవడం నాకు ఈ మధ్య ఇదే మొదటిసారి.

కాసేపటికి వాడు చెప్పుల సంచి కింద పెట్టాడు. పై గుండీ మీద చేయి వేశాడు. తాగుడు మానేసిన చేతులు కదా, ఒకటే వణుకు. గుండీ దొరకడం లేదు, దొరికితే కాజాలోంచి రావడం లేదు. నేను లేవబోయాను. వాళ్లమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆమె కూడా లేవలేదు. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే, తనని తాను ఆపుకోవడానికి నన్ను పట్టుకుందని తెలిసింది.

వాడే విప్పుకున్నాడు. ఒక్కొక్కటే, కిందిదాకా. చొక్కా తీసి మంచం కమ్మీ మీద వేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అత్త